పొగాకు రైతుల పేజీ మూతపడింది: కంపెనీ మార్చాలా, వేదిక మార్చాలా?

కలిగిరి రైతు (ప్రశ్న)

సభ్యులందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లా కలిగిరికి కొద్ది దూరంలో ఉన్న పల్లె మాది. రెండు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే కొట్లు) పొగాకు సాగు చేస్తాను, మిగిలిన చేలో మినుము చల్లుతాను, ఇంట్లో డెబ్బై దాటిన అమ్మ ఉంది. నేను అడగదలచుకున్నది ఫోను కంపెనీల గురించీ, మా రైతులం నలుగురం కలిసి మాట్లాడుకునే వేదికల గురించీ. ఈ రెండూ వేర్వేరు సంగతులని మొన్నటిదాకా అనుకునేవాడిని. ఈ మధ్య జరిగినవి చూశాక ఒకదాని నుంచి ఒకటి విడదీయలేకపోతున్నాను.

ముందు సిగ్నల్ సంగతి చెబుతాను. ఇంటి వసారాలో ఫోను బాగానే పలుకుతుంది. ఊరికి ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉన్న బ్యారన్ దగ్గరికి వెళ్లేసరికి మాట మధ్యలో తెగిపోతుంది. ఆకు క్యూరింగ్, అంటే వేడితో ఆరబెట్టడం, జరిగే రోజుల్లో రాత్రంతా అక్కడే పడుకుని, గంటకో రెండు గంటలకో లేచి థర్మామీటరు చూసుకోవాలి. అందుకని తూర్పు గోడకు ఒక మేకు కొట్టి, దానికి చేతిసంచీ తగిలించి, ఫోను అందులో వేసి ఉంచుతున్నాను. ఆ మేకు దగ్గర రెండు గీతలు కనిపిస్తాయి, రెండడుగులు పక్కకు జరిగితే ఒక్కటీ ఉండదు. అర్ధరాత్రి అమ్మకు ఆయాసం వచ్చి ఫోను చేస్తే ఆ సంచీ మోగాలి, నేను పరుగున వెళ్లి గోడకు ఆనుకుని నిలబడి మాట్లాడాలి. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడూ వరుసగా రేట్లు పెంచినప్పుడు మా ఊళ్లో చాలామంది కంపెనీ మారారు, కొందరు మారి మళ్లీ పాతదానికే వచ్చారు. నేను ఆగిపోయాను.

రెండవది మా నాన్నగారి నంబరు. ఆయన పోయాక ఆ నంబరుకు రీచార్జి చేయించడం మానేశాను. ఏడాది తిరక్కముందే ఒక రోజు నా ఫోనులో ‘నాన్న’ అని దాచుకున్న పేరు పక్కన ఎవరో పాతికేళ్ల కుర్రవాడి ఫోటో కనిపించింది. కాసేపు ఆ ఫోటోనే చూస్తూ కూర్చుండిపోయాను. తరువాత తెలిసింది, నాన్నగారూ అమ్మా కలిసి పెట్టుకున్న బ్యాంకు ఖాతా సందేశాలు కూడా ఆ అబ్బాయికే వెళుతున్నాయని. అతను మంచివాడు కనుక నేను ఫోను చేసినప్పుడు ఓపికగా చెప్పాడు.

మూడవది అన్నిటికంటే నన్ను బాధపెట్టింది. కలిగిరి, డీసీ పల్లి, కందుకూరు, కనిగిరి వేలం కేంద్రాలకు బేళ్లు, అంటే ఆకు మూటలు, తోలే రైతులం కొందరం కలిసి ఒక పెద్ద సామాజిక మాధ్యమంలో ఆరేళ్ల పాటు పేజీ నడిపాము. పొగాకు బోర్డు ఏ రోజు ధరలు ఆ రోజు ప్రకటిస్తుంది. మేము రాసుకున్నది వేరు. ఏ నేలలో పండిన ఆకు ఏ గ్రేడుకు వెళ్లింది, ఏ బేలును ఎందుకు కొనకుండా వదిలేశారు, తేమ ఎక్కువైందా, గ్రేడు కట్టడంలో తప్పు జరిగిందా, పలికిన ధరకు ఒప్పుకోవాలా లేక బేలు వెనక్కి తీసుకోవాలా అన్నవి ఫోటోలతో సహా పెట్టేవాళ్లం. ఒక తెల్లవారుజామున చూస్తే పేజీ లేదు. పొగాకు అమ్మకాన్ని ప్రోత్సహించడం నియమాలకు విరుద్ధమని ఒక సందేశం మాత్రం ఉంది. మేము ఆ పేజీలో ఒక్క ఆకు కూడా అమ్మలేదు. మళ్లీ పరిశీలించమని అడిగితే ఆ వాక్యమే తిరిగి వచ్చింది. ఆరు సీజన్ల రాత అంతా పోయింది.

కనుక అడుగుతున్నాను: కంపెనీ మారితే నా సిగ్నల్ కష్టం తీరుతుందా? మా రైతుల మాటలకు మళ్లీ చోటు ఎక్కడ వెతుక్కోవాలి?

వెలుగొండ

కలిగిరి రైతు గారికి నమస్కారం. నేను ఒంగోలులో టెలికాం శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు టవర్ల పని మీద చాలా ఏళ్లు తిరిగినవాడిని కనుక, మీ మేకు సంగతి చదవగానే ఆ చోటు కళ్ల ముందు కనిపించింది.

బ్యారన్‌కు రేకుల కప్పు ఉండి ఉంటుంది. రేకు తరంగాన్ని లోపలికి రానివ్వదు, మందపాటి గోడ కొంత మింగేస్తుంది. తూర్పు గోడ బయట రెండు గీతలు వస్తున్నాయంటే మీకు అందుతున్న టవరు చాలావరకు ఆ దిక్కునే ఉండాలి. అందువల్ల దేశంలో ఏ కంపెనీ గొప్పది అన్న ప్రశ్న మీకు పనికిరాదు. ఏ కంపెనీ పరికరం మీ బ్యారన్‌కు దగ్గరి టవరు మీద ఉంది, అది ఏ బ్యాండులో పనిచేస్తోంది అన్నవే మీకు కావలసినవి. 700, 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ పౌనఃపున్యాలు దూరం పోతాయి, గోడల లోపలికి కూడా కొంత చొరబడతాయి. 2300, 3500 మెగాహెర్ట్జ్ వంటివి ఎక్కువ డేటా మోస్తాయి కానీ త్వరగా నీరసిస్తాయి. 5జీ గురించి పట్టణంలో విన్న వేగం మీ చేలో కనిపించకపోవడానికి ప్రధాన కారణం ఇదే. నెల్లూరు ట్రంకురోడ్డులో ఒకరు మెచ్చుకున్న కంపెనీ వింజమూరు దాటగానే మూగబోవచ్చు, దానిలో ఆశ్చర్యం లేదు.

గీతలు నిండుగా ఉన్నా నెట్టు కదలదని చాలామంది అంటారు. గీతలు చెప్పేది మీ ఫోనుకూ టవరుకూ మధ్య ఉన్న బంధం గురించి మాత్రమే. టవరు నుంచి అవతలికి మాటను మోసుకుపోయే దారి వేరు. పల్లె టవర్లలో కొన్నిటికి ఆ దారి ఫైబరు కాదు, ఒక టవరు నుంచి ఇంకో టవరుకు గిన్నె యాంటెన్నాల ద్వారా వెళ్లే మైక్రోవేవ్. సాయంత్రం ఏడు దాటాక ఊరంతా వీడియోలు తెరిస్తే ఆ దారి ఇరుకైపోతుంది. ఇక కరెంటు పోతే టవరు బ్యాటరీ మీద కొన్ని గంటలు నిలుస్తుంది. ఆ తరువాత డీజిలు పోసేవారు వచ్చారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. బ్యాటరీలు పాతబడితే ఆ కొన్ని గంటలు కూడా ఉండవు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు చూసిన ఫిర్యాదులలో చాలావాటికి మూలం తరంగంలో లేదు, టవరు కింద ఉన్న ఆ బ్యాటరీ పెట్టెలో ఉంది.

మీరు చేయవలసింది ముందుగా పరీక్ష. కంపెనీ మార్చే ముందు, మీరు మారదామనుకున్న కంపెనీది ఒక కొత్త ప్రీపెయిడ్ సిమ్ము తీసుకుని, రెండో స్లాటులో వేసి ఒక నెల వాడండి. ఇంటి లోపల, బ్యారన్ లోపల, మేకు దగ్గర, కలిగిరి వేలం కేంద్రం ఆవరణలో, పొద్దున, రాత్రి తొమ్మిదికి, కరెంటు పోయిన గంట తరువాత చూసి రాసుకోండి. కంపెనీలు తమ సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో పటాలను తమ వెబ్‌సైట్లలో పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది కనుక అవి కూడా చూడండి, కానీ పటాన్ని మీ చేతిలోని ఫోనుతో సరిచూసుకోకుండా నమ్మవద్దు. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ 2025 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. సీ-డాట్, తేజస్, టీసీఎస్ సంస్థలు కలిసి దేశంలోనే తయారుచేసిన పరికరాలతో సుమారు 97,500 టవర్లు పెట్టారు. నేను ఆ సంస్థ గాలి పీల్చి బతికినవాడిని కనుక నాకు అభిమానం ఉంది, దాచుకోను. అయినా మీ ఊరి టవరు మీద ఆ పరికరం ఎక్కిందో లేదో చూసుకున్నాకే మారండి. మీ దగ్గర పాత బీఎస్‌ఎన్‌ఎల్ సిమ్ము ఉంటే అది 4జీ సిమ్మేనా అన్నది కూడా చూడాలి, 2జీ, 3జీ కాలపు సిమ్ములు మార్పించుకోవాలి.

పరీక్షలో నెగ్గితే అప్పుడు పోర్టు పెట్టండి, అంటే నంబరు అదే ఉంచుకుని కంపెనీ మారండి. పోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాలలో రాసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు వేసి 1900కు సందేశం పంపితే ఒక కోడ్ వస్తుంది. మన సర్కిలులో (టెలికాం ప్రాంతంలో) అది నాలుగు రోజులు చెల్లుతుంది. ఇప్పుడున్న కంపెనీలో కనీసం 90 రోజులు గడిచి ఉండాలి. 2024 జూలై 1 నుంచి, పోయిన సిమ్ము బదులు కొత్త సిమ్ము తీసుకుంటే ఆ తరువాత 7 రోజుల దాకా పోర్టు కుదరదు. మోసగాళ్లు ఒకరి నంబరుకు తాము నకలు సిమ్ము తీసుకుని వెంటనే కంపెనీ మారిపోకుండా పెట్టిన అడ్డు అది. సర్కిలు లోపలే అయితే మూడు పనిదినాలు పడుతుంది, తెలంగాణ కూడా టెలికాం లెక్కలో ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిలులోనే ఉంది. క్యూరింగ్ మొదలైన వారంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.

ఫిర్యాదు విషయంలో ఒక మాట. ట్రాయ్‌కు ఎంతమంది రాసినా అది ఒక్కొక్కరి ఫిర్యాదును పరిష్కరించే సంస్థ కాదు. 198కి ఫోను చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకోవాలి, తేలకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి 30 రోజుల లోపు రాయాలి, అక్కడా తేలకపోతే టెలికాం శాఖ ఫిర్యాదుల విభాగానికి వెళ్లాలి. డాకెట్ నంబరు లేని ఫిర్యాదును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 2024లో తెచ్చిన సేవా నాణ్యత నియమాలలో, జిల్లా స్థాయిలో 24 గంటలకు మించి సేవ ఆగిపోతే ప్రీపెయిడ్ వారికి గడువు పెంచాలని ఉంది. మంచి నియమమే. కానీ ఒక్క ఊరి టవరు మూడు రోజులు పడిపోతే అది జిల్లా లెక్కలోకి రాదు, పల్లెవారి అసలు బాధ అదే. ఈ నియమాన్ని టవరు స్థాయికి దించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

పెన్న ఒడ్డు

కలిగిరి రైతు గారూ, నేను కోవూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే ఉపాధ్యాయినిని. మీ నాన్నగారి పేరు పక్కన ఇంకొకరి ముఖం కనిపించిందన్న వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సిగ్నల్ సంగతి వెలుగొండ గారు చెప్పారు కనుక నేను మీ పేజీ గురించే రాస్తాను.

ఇంటర్నెట్టులో తెలుగువారి కూడికలు కొత్తవి కావు. 1990లలో యూజ్‌నెట్ అనే పాతకాలపు ఇంటర్నెట్ చర్చావ్యవస్థలో తెలుగువారి వేదిక ఉండేది. తెలుగు లిపి తెర మీద రాయడం కుదరని ఆ రోజుల్లో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగును పొల్లుపోకుండా రాసే పద్ధతులు కల్పించుకుని పద్యాల మీద వాదించుకున్నారు. తరువాత యాహూ గ్రూపులలో రచ్చబండ వంటి వేదికలు వచ్చాయి, అర్కుట్ అనే సామాజిక మాధ్యమంలో ప్రతి ఊరి పేరుతో ఒక గుంపు వెలిసింది. అర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న మూసివేశారు. యాహూ గ్రూపులలోని పాత రాతలను 2019 డిసెంబరులో తీసేసి, 2020 డిసెంబరు 15న మొత్తం ఆపేశారు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. వాడకం తగ్గడం కొంత కారణమైనా, ఇక చాలని నిర్ణయించింది నడిపే సంస్థలే, సభ్యులు కాదు. నాకు తెలిసిన ఒక పెద్దాయన పదేళ్లపాటు మాండలిక పదాలు పోగుచేసి ఒక గుంపులో పెట్టారు, మన మెట్ట ప్రాంతపు సేద్యపు మాటలు వందలు ఉండేవి. గడువు లోపల దించుకోవాలన్న సంగతి ఆయనకు తెలిసేసరికి గడువు దాటింది.

దీనికి ఎదురుగా తెలుగు వికీపీడియాను చూడండి. 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పటికీ ఉంది. దానికి డబ్బు ఎక్కువ ఉండి కాదు. అందులోని వ్యాసాలన్నిటినీ ఎవరైనా పూర్తిగా దించుకుని తమ దగ్గర పెట్టుకోవచ్చు, తిరిగి ప్రచురించుకోవచ్చు. ఆ హక్కును లైసెన్సులోనే రాసి ఇచ్చారు. రేపు దానిని నడిపే సంస్థ లేకపోయినా రాత పోదు. మీ బేళ్ల వివరాలు వికీపీడియాలో పెట్టదగినవి కావు, అక్కడి పద్ధతి వేరు. కానీ ఆ ఏర్పాటును మీరు తీసుకోవచ్చు: రాతకు ఇల్లు వేరుగా ఉండాలి, పంచుకునే వేదిక వేరుగా ఉండాలి. రోజు ధరలూ కారణాలూ ముందు ఒక లెక్కల పట్టికలో ఎక్కించి, ఆ పట్టిక ప్రతిని ముగ్గురు వేర్వేరు ఊళ్లవారు నెలకొకసారి తమ కంప్యూటరులోనో పెన్‌డ్రైవులోనో దాచుకోండి. ఆ తరువాత ఏ మాధ్యమంలో పెట్టినా అది నకలు మాత్రమే అవుతుంది, పోతే నకలే పోతుంది.

కాగితాన్ని కూడా వదలవద్దు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన రోజుల్లో మా వీధిలో కరెంటు లేదు, ఫోనూ పలకలేదు. పాఠశాలలో ఆశ్రయం పొందినవారి పేర్లను నేను హాజరుపట్టీ వెనుక పేజీలలో పెన్సిలుతో రాశాను. తమవారి కోసం వెతుక్కుంటూ వచ్చినవారికి ఆ పేజీలే చూపించాము. ఆ హాజరుపట్టీ నా దగ్గర ఇంకా ఉంది.

గుండ్లకమ్మ

పెద్దలిద్దరికీ నమస్కారం. మాది అద్దంకి వైపు, ప్రస్తుతం బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పెన్న ఒడ్డు గారు చెప్పిన పట్టిక ఆలోచనను పూర్తిగా ఒప్పుకుంటాను, కానీ పెద్ద వేదికలను వదిలి వెళ్లిపోవాలన్న అర్థం ఎవరైనా తీసుకుంటే అది పొరపాటని చెప్పదలచుకున్నాను.

మా నాన్నకు వాట్సాప్ తప్ప ఇంకొకటి తెలియదు, నేర్చుకోవలసిన అవసరమూ లేదు. ఆయన తోటి రైతులంతా అక్కడే ఉన్నారు. రేపు నేను ఎంత మంచి యాప్ పెట్టించినా వారంలో ఆయన ఒక్కడే అందులో మిగులుతాడు. ఇంకో కంపెనీ యాప్‌లోకి దూకితే యజమాని మారతాడు, పరిస్థితి మారదు. కనుక జనం ఉన్నచోటే మాట్లాడండి, కానీ మూడు జాగ్రత్తలు పడండి. నిర్వాహకులు ముగ్గురు నలుగురు ఉండాలి, వారి నంబర్లు వేర్వేరు కంపెనీలవి కావాలి. ఆకు ఫోటోలూ, అమ్మడం కొనడం అన్న మాటలూ బహిరంగ పేజీలో పెట్టకండి. చాలా పెద్ద వేదికలలో పొగాకు అమ్మకంపై నిషేధం ఉంది, ముందు దానిని అమలు చేసేది యంత్రం. సిగరెట్టు అమ్మేవాడికీ బేలు గురించి బాధపడేవాడికీ దానికి తేడా తెలియదు. తెలుగు వాక్యం దానికి ఇంకా తక్కువ తెలుసు. మూడవది, సొంతంగా ఒక డొమైన్ పేరు, అంటే వెబ్‌సైట్ చిరునామా, తీసుకుని చిన్న వెబ్‌సైట్ పెట్టుకోండి. ఏడాదికి కొద్దిపాటి ఖర్చుతోనే పేరు దొరుకుతుంది. సర్వరు నచ్చకపోతే మార్చుకోవచ్చు, చిరునామా మీదే ఉంటుంది.

మీరు కంపెనీలూ వేదికలూ విడదీయలేకపోతున్నానన్నారు. అది మీ భ్రమ కాదు, వాటి మధ్య డబ్బు బంధమే ఉంది. 2020 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ 43,574 కోట్ల రూపాయలు పెట్టి జియో ప్లాట్‌ఫామ్స్‌లో 9.99 శాతం వాటా తీసుకుంది. అదే ఏడాది జూలైలో గూగుల్ 33,737 కోట్లు ప్రకటించింది. 2022 జనవరిలో ఎయిర్‌టెల్‌లో వంద కోట్ల డాలర్ల దాకా పెడతామని గూగుల్ చెప్పింది. 2025 అక్టోబరులో విశాఖపట్నానికి ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల డేటా కేంద్రంలోనూ గూగుల్ పక్కన ఎయిర్‌టెల్ భాగస్వామిగా ఉంది. మాట మోసే తీగా, మాట దాచే గిడ్డంగీ ఒకరికొకరు చుట్టాలయ్యారు. పెట్టుబడి రావడం తప్పని నేను అనను, విశాఖకు ఆ కేంద్రం రావడం నాకు సంతోషమే. కానీ ఇద్దరూ ఒకటైనప్పుడు మధ్యలో ఉన్న మనకు నియమాలు తప్ప వేరే ఆధారం లేదు.

ఆ నియమాలు అడిగితేనే వచ్చాయి. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ ఒక ఫోను కంపెనీతో కలిసి, కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా చూపించే పథకాన్ని దేశంలో మొదలుపెట్టినప్పుడు తొలి రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఉచితం కదా అని నేను కూడా మొదట మెచ్చుకున్నాను, అప్పుడు నేను ఇంజనీరింగ్ విద్యార్థిని. తరువాత అర్థమైంది, ఆ జాబితాలో లేని చిన్నవారి వెబ్‌సైట్ పేదవాడి ఫోనులో కనిపించకుండా పోతుందని. దేశమంతటి నుంచి లక్షల ఉత్తరాలు ట్రాయ్‌కు వెళ్లాయి, 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అటువంటి తేడా ధరలను నిషేధించింది. మీరు రేపు పెట్టబోయే రైతుల వెబ్‌సైట్‌ను ఏ కంపెనీ సిమ్ముతో తెరిచినా ఆ కంపెనీ మిగతా వెబ్‌సైట్లకు తీసుకునే రేటుకే తెరుచుకుంటుందంటే ఆ నిర్ణయమే కారణం. అలాగే వాట్సాప్ 2021లో తెచ్చిన గోప్యతా విధానం మీద కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో దాని యజమాని మెటాకు 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది. మన ఒక్కరి అప్పీలుకు యంత్రం జవాబిస్తుంది, పదిమంది కలిసి నియమాన్ని అడిగితే మనుషులు జవాబివ్వక తప్పదు.

కలిగిరి రైతు

ముగ్గురికీ కృతజ్ఞతలు. గుండ్లకమ్మ గారూ, మీ మాటతో ఒకచోట మాత్రం నేను ఏకీభవించలేకపోతున్నాను. ఆకు ఫోటోలు పెట్టవద్దన్నారు. మా రాతలో విలువంతా ఆ ఫోటోలోనే ఉంది. ఆకు అంచు ఎంత నల్లబడితే కొనుగోలుదారు వదిలేశాడో మాటల్లో చెబితే కొత్త రైతుకు అర్థం కాదు. పండించడం నేరం కాదు, ప్రభుత్వ బోర్డు లైసెన్సుతో పండిస్తున్నాము, ప్రభుత్వ కేంద్రంలో అమ్ముకుంటున్నాము. మా పంట ముఖం మేము చూపించుకోకూడదంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఫోటోలు మా సొంత వెబ్‌సైట్‌లో పెట్టి, లంకె మాత్రం గుంపులో పంపితే సరిపోతుందా?

వెలుగొండ గారిని ఇంకొకటి అడుగుతున్నాను. అమ్మ దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఆమెకు డేటా అక్కరలేదు. నంబరు మాత్రం నాన్నగారి నంబరులా పోకూడదు.

గుండ్లకమ్మ

మీరు చెప్పినది న్యాయం. ఫోటోలు సొంత చోట పెట్టి లంకె పంపండి, అదే మంచి పద్ధతి. నేను యంత్రానికి భయపడి రాశాను, మీ పంట గురించి ఆలోచించలేదు. వెబ్‌సైట్ కట్టడానికి రెండు ఆదివారాలు నేను కూర్చుంటాను, డబ్బు అక్కరలేదు.

వెలుగొండ

అమ్మగారి ఫోను 2జీది అయితే, 2జీ నడపని జియో సిమ్ము అందులో పనిచేయదు, అది గుర్తుంచుకోండి. 2జీ ఇంకా నడుపుతున్న కంపెనీలోనే ఉంచండి. డేటా లేకుండా మాటలకూ సందేశాలకూ మాత్రమే ప్యాకులు ఉండాలని ట్రాయ్ 2024 డిసెంబరులో నియమం తెచ్చింది, వాటి గడువు ఏడాది దాకా ఉండవచ్చని కూడా చెప్పింది. దుకాణంలో అడగకపోతే చూపించరు, పేరు పెట్టి అడగండి. ఏడాది ప్యాకు వేయించి, గడువు తేదీని గోడ క్యాలెండరు మీద రాసి పెట్టండి.

మీ నాన్నగారి నంబరుకు జరిగింది దేశంలో ఎందరికో జరుగుతున్నదే. వాడకం లేక నిలిపివేసిన నంబరును 90 రోజులు పక్కన పెట్టి, ఆ తరువాత ఇంకొకరికి ఇస్తారు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకు ఈ విషయం వచ్చినప్పుడు, పాత వాడకందారు తన వివరాలను ముందుగా తొలగించుకోవాలన్న వైఖరే నిలిచింది. పోయినవారు ఎలా తొలగించుకుంటారన్నది నాకు ఇప్పటికీ తెగని ప్రశ్న. మీరు వెంటనే మీ తల్లిగారి బ్యాంకు శాఖకు వెళ్లి ఖాతాకు ఉన్న పాత నంబరు తీసేయించి కొత్తది రాయించండి. ఆమె ఆధార్‌కు ఏ నంబరు ఉందో చూడండి. మార్చాలంటే ఆధార్ కేంద్రానికి ఆమెను తీసుకువెళ్లవచ్చు. టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఆమె పేరు మీద ఎన్ని సిమ్ములు ఉన్నాయో కూడా చూడండి, తెలియనిది కనిపిస్తే అక్కడే తెలియజేయవచ్చు.

కలిగిరి రైతు

నెల గడిచింది, చేసినవి రాస్తున్నాను. బ్యాంకులో అమ్మ ఖాతాకు నంబరు మార్పించాను, ఆధార్‌కు కూడా అయింది. అమ్మకు ఏడాది మాటల ప్యాకు వేయించాను. క్యాలెండరు మీద ఆ తేదీ చుట్టూ అమ్మే ఎర్ర సిరాతో సున్నా చుట్టింది.

కొత్త సిమ్ముతో ఇరవై ఎనిమిది రోజులు పరీక్షించాను. మేకు దగ్గర రెండు గీతలకు బదులు మూడు వచ్చాయి. బ్యారన్ లోపల పాతదానికీ కొత్తదానికీ తేడా లేదు, రేకు కప్పు సంగతి వెలుగొండ గారు చెప్పినట్లే ఉంది. కరెంటు పోయినప్పుడు మాత్రం కొత్త కంపెనీ టవరు గంటన్నర ఎక్కువ నిలిచింది. రాత్రి ఫోనుకు నాకు కావలసింది అదే కనుక పోర్టు పెట్టాను, మూడో రోజుకు మారింది. క్యూరింగ్ ఇంకా మొదలు కాలేదు. మేకు, సంచీ అక్కడే ఉంచాను.

గుండ్లకమ్మ గారి సాయంతో వెబ్‌సైట్ పని మొదలైంది. మా దగ్గర చిత్తు పుస్తకాలలో మిగిలినవి నాలుగు సీజన్లవి దొరికాయి. వాటిలో ఒకటి వానకు తడిసి పేజీలు అతుక్కుపోతే, నీడలో ఆరబెట్టి ఒక్కొక్క పేజీ విడదీసి ఫోటో తీస్తున్నాము. 2019, 2020 సీజన్లలో డీసీ పల్లి కేంద్రానికి బేళ్లు తోలినవారు ఎవరైనా రాసి పెట్టుకున్న కాగితాలు ఉంటే, ఎంత చెరిగిపోయినా సరే, దయచేసి ఇక్కడ తెలియజేయండి. వచ్చి చూసుకుని, ఫోటో తీసుకుని, మీ కాగితం మీకే ఇచ్చి వస్తాను.